‘ఉప్పూ కారం తినడం లేదా?’: జాంబీకి ఏ మాట వాడాలి

ప్రశ్న: జాంబీల కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘జాంబీ’ని అలాగే ఉంచాలా, ‘జీవచ్ఛవం’ అనొచ్చా? ‘బేతాళుడు’ బాగుంటుందని ఒక మిత్రుడి సలహా. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: బేతాళుడు వద్దండి. శవంలో దూరి కథ చెప్పి, చిక్కు ప్రశ్న వేసి, విక్రమార్కుడు నోరు విప్పగానే చెట్టెక్కేవాడు బేతాళుడు. జాంబీకి మాటే లేదు.

జీవచ్ఛవం (జీవత్ + శవం) మంచి మాట. అయితే మీ కథలో ఉన్నది ఏ రకం జాంబీయో చూసుకోండి. 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’లో లేచి వచ్చేవి అచ్చంగా శవాలే. మెల్లగా నడుస్తాయి, మంటకి జంకుతాయి. కిటికీలకి చెక్కలు కొట్టుకుని, లోపలివాళ్లు తమలో తాము తగువులాడుకోకపోతే తెల్లారేదాకా నెట్టుకురావచ్చు. 2002 నాటి ‘28 డేస్ లేటర్’లో వాళ్లు అసలు చావనే లేదు. వైరస్ సోకి, పూనకం వచ్చినట్టు మీదికి పరిగెత్తుకొచ్చే మనుషులు. తిండి లేక వాళ్లు మాడిపోయేదాకా దాక్కోగలిగితే బతుకుతాం. వాళ్లని శవాలంటే తప్పు.

‘జీవచ్ఛవంలా పడున్నాడు’ అంటే ఊపిరుంది, మనిషి లేడు అని కదా. అది సరిగ్గా హైతీ జాంబీ. నన్నడిగితే అన్నిటికన్నా భయంకరమైనది అదే. ఫ్రెంచివాళ్ల చెరకు తోటల్లో బానిసలుగా నలిగిన జనం 1804లో స్వతంత్రం సాధించుకున్న దేశం అది. జాంబీ వచ్చి కరుస్తుందని అక్కడివాళ్లు భయపడలేదు. చచ్చాక కూడా తమని ‘బోకోర్’ అనే మంత్రగాడు లేపి, జాంబీని చేసి, పొలంలో చాకిరీ చేయిస్తాడని భయపడ్డారు. అందుకే సమాధుల మీద బరువైన రాళ్లు పెట్టేవారు, కాపలా కాసేవారు.

దానికి విరుగుడు ఉప్పు. జాంబీకి చప్పిడి కూడే పెట్టాలట. నాలుకకి ఉప్పు తగిలితే తాను చచ్చిపోయానని తెలిసొచ్చి సమాధి దారి పడుతుందని నమ్మకం. 1929లో విలియం సీబ్రూక్ అనే అమెరికన్ రచయిత అచ్చువేసిన కథలో, మేస్త్రీ భార్య జాలిపడి జాంబీలకి పప్పుచెక్కలాంటి మిఠాయి పెడుతుంది. ఆ పప్పులకి ముందే ఉప్పు పట్టించారని ఆమెకి తెలియదు. తిన్నవాళ్లు ఒక్కసారిగా ఏడ్చి, లేచి తమ ఊరి కొండ వైపు నడిచిపోతారు.

ఇంకొక సభ్యురాలు: చదువుతుంటే ఒళ్లు జలదరించిందండి. రోషం లేనివాణ్ణి మనం ‘ఉప్పూ కారం తినడం లేదా?’ అంటాం కదా!

జవాబు: భలే పట్టుకున్నారమ్మా. రెంటికీ చుట్టరికం ఉందని కాదు గానీ, ఉప్పుకీ పౌరుషానికీ ముడిపెట్టడం మనకి ఎప్పటినుంచో ఉన్నదే. ప్రశ్న వేసిన మిత్రులకి: మీది హైతీ జాంబీ అయితే జీవచ్ఛవం అనండి, ‘ఉప్పు లేని ఆహారం’ అనకుండా ‘చప్పిడి కూడు’ అనే రాయండి. కరిచే రకమైతే జాంబీ అనే ఉంచేయండి, కర్నూలు నేపథ్యంలో తీసిన ‘జాంబీ రెడ్డి’ 2021లోనే వచ్చేసింది, ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు.