ఉదర బృహద్ధమనిలో 4.6 సెం.మీ. ఉబ్బు: ఆపరేషన్‌కు ఆగమనడం సబబేనా?

ప్రశ్న: మా మేనమామగారికి స్కానింగులో ఉదర భాగపు బృహద్ధమనిలో (గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్లే ప్రధాన ధమనిలో) 4.6 సెం.మీ. ఎన్యూరిజం, అంటే ధమని గోడ బలహీనపడి ఏర్పడిన ఉబ్బు, ఉన్నట్లు తేలింది. పగిలితే ప్రాణాపాయమని చెబుతూనే ప్రస్తుతానికి ఆపరేషన్ వద్దంటున్నారు. దీనికి పరిశోధనల ఆధారం ఉందా? మందులతో తగ్గుతుందా?

జవాబు 1: ఆధారం గట్టిదేనండి. 4 నుంచి 5.5 సెం.మీ. మధ్య ఉబ్బులున్నవారిలో కొందరికి వెంటనే ఆపరేషన్ చేసి, మిగిలినవారిని క్రమం తప్పకుండా స్కానింగుతో గమనిస్తూ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ జరిపిన రెండు పెద్ద అధ్యయనాలలో, ముందుగా ఆపరేషన్ చేయించుకున్నవారు ఎక్కువకాలం బతికినట్లు తేలలేదు. ఆ పరిమాణంలో పగిలే అవకాశం ఏడాదికి సుమారు ఒక శాతమే కాగా, ఆపరేషన్‌కూ దానిదైన ముప్పు ఉంది. అందుకే ఆపరేషన్‌కు పురుషులకు 5.5, స్త్రీలకు 5 సెం.మీ. హద్దుగా పెట్టుకున్నారు. ఉబ్బు వేగంగా పెరిగినా, నొప్పి మొదలైనా ఈ హద్దు వర్తించదు.

జవాబు 2: మందుల సంగతి నిరాశాజనకమే. ధమని గోడకు సాగే గుణాన్ని, బలాన్ని ఇచ్చే ఎలాస్టిన్, కొలాజెన్ అనే ప్రొటీన్లను కరిగించే ఎంజైములను డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అడ్డుకుంటుందని ఎంతో ఆశించారు గానీ, 2020లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ దీనిని వాడినవారికీ పెరుగుదలలో తేడా కనబడలేదు. విచిత్రమేమిటంటే, మధుమేహం ఉన్నవారిలో ఈ ఉబ్బు నెమ్మదిగా పెరుగుతుంది. అది మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ చలవేమోనన్న అనుమానంతో ఇప్పుడు ఆ మందును పరీక్షిస్తున్నారు.

జవాబు 3: ఆయనకు పొగతాగే అలవాటుంటే వెంటనే మాన్పించండి. యాంటీబయాటిక్ రాసే ప్రతి వైద్యుడికీ ఈ ఉబ్బు గురించి చెప్పాలి, ఎందుకంటే సిప్రోఫ్లోక్సాసిన్ తరహా మందులను ఇటువంటివారికి వీలైనంతవరకు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. ఆయన తోబుట్టువులకు కూడా ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించడం మంచిది.