సెప్టెంబరు సినిమా సాయంత్రం: ఎవరికి ఏ పని

సమన్వయం:
టోక్యోలో ఉన్న మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. ఇక్కడే నిషికసాయ్‌లో హాలు దొరికింది. సెప్టెంబరు మొదటి ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరింటి దాకా మనదే. 1923 సెప్టెంబరు 1న టోక్యో చుట్టుపక్కల కాంతో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది కదా, ఆ రోజును జపాన్ అంతటా విపత్తు నివారణ దినంగా పాటిస్తారు. అందుకే ఈ వారం ఎంచుకున్నాం.

సినిమా 1973 నాటి 'నిహాన్ చింబొత్సు', అంటే జపాన్ మునిగిపోవడం. సకియో కొమత్సు నవల ఆ ఏడాది మార్చిలో వచ్చింది. డిసెంబరు నెలాఖరుకే తోహో సినిమా సంస్థ వాళ్లు సినిమా విడుదల చేశారు. దర్శకుడు షిరో మొరితాని. నిడివి రెండు గంటల ఇరవై నిమిషాలు దాటుతుంది కాబట్టి మధ్యలో టీ పెట్టుకుందాం. డిస్క్ కొని హాల్లో వేసేయడం కుదరదు, ప్రదర్శన అనుమతి తీసుకోవాలి. అది చేతికొచ్చే దాకా పోస్టర్ ఎవరూ బయట పెట్టకండి.

హాలు, ప్రొజెక్టర్:
అన్నా, 2006లో షింజీ హిగుచి తీసిన సినిమా కూడా ఉంది కదా. గ్రాఫిక్స్ బాగుంటాయి, కుర్రాళ్లు కూడా వస్తారు. పాతది ఎందుకు?

సమన్వయం:
నేను రెండూ చూశాను తమ్ముడూ. 2006 సినిమాలో కథానాయకుడు ప్రాణమిచ్చి, సముద్రం అడుగున పేలుడు జరిపి మిగిలిన నేలను కాపాడతాడు. పాతదాంట్లో అలా కాపాడేవాళ్లు లేరు. దేశం పోతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి కొమత్సుకు 14 ఏళ్లు. దేశమే లేకపోతే జపనీయులు ఏమవుతారన్న ప్రశ్నతో, 1964 నుంచి తొమ్మిదేళ్లు ఈ నవల రాశారు. స్క్రిప్టు షినోబు హషిమోతోది, దర్శకుడు కురొసావాకి 'సెవెన్ సమురాయ్' రాసిన వాళ్లలో ఒకరు.

ఒక సన్నివేశం నన్ను వదలడం లేదు. జపాన్‌వాళ్లను ఏ దేశాలకు, ఎలా పంపాలో పండితులు ప్రధానికి రాసిస్తారు. అందులోనే మరో అభిప్రాయం కూడా ఉంటుంది: ఏమీ చేయకపోవడమే మంచిదని. అది విన్న ప్రధాని కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అంతకు ముందు టోక్యో తగలబడుతున్నప్పుడు, జనాన్ని లోపలికి రానివ్వడానికి చక్రవర్తి కోట తలుపులు తెరవమని చెప్పేది కూడా ఆయనే. పరాయి దేశంలో బతుకుతున్న మనం ఇవి చూడాలి. మనకు తలుపు తెరిచేవాళ్లు ఎవరు, మనం ఎవరికి తెరుస్తాం, ఆ రోజు మాట్లాడుకుందాం.

అన్నట్టు, భూమి పలకల గురించి చెప్పే ప్రొఫెసర్ నటుడు కాదు. హితోషి తకెఉచి, నిజంగానే టోక్యో విశ్వవిద్యాలయ భూభౌతిక శాస్త్రవేత్త.

టీ, టిఫిన్లు:
నాదొక మాట. 2011 మార్చి 11న సునామీ వచ్చినప్పుడు నేను సెందాయ్‌లో ఉన్నాను. నీళ్లు ఊరి మీదికి వచ్చే దృశ్యాలు ఇప్పటికీ చూడలేను. నాలాంటి వాళ్లు మనలో ఇంకొందరు ఉంటారు. సినిమా వద్దనడం లేదు, ముందే చెప్పి పిలవండి.

సమన్వయం:
మన్నించు అక్కా, ఇది నాకు ముందే తట్టాల్సింది. ఆహ్వానంలో మొదటి వాక్యమే అది పెడతాను. పక్క గది తెరిచే ఉంచుతాం, ఎవరైనా మధ్యలో లేచి వెళ్లినా ఎందుకని అడగం. టిఫిన్ల పని ఇంకొకరికి ఇద్దామా?

టీ, టిఫిన్లు:
వద్దు, నేనే చేస్తాను. పక్క గదిలోనే ఉంటాను, వచ్చినవాళ్లకు తోడుగా ఉంటుంది. ఉప్మా, గారెలు, టీ.

పిల్లల విభాగం:
పదేళ్ల లోపు పిల్లలకు సినిమా వద్దు. విపత్తు వేళ ఎలా బయటపడాలో బడిలో నేర్పే 'ఒ-క-షి-మొ' సూత్రం వాళ్లకు వచ్చు: తోసుకోకు, పరుగెత్తకు, మాట్లాడకు, వెనక్కి వెళ్లకు. దాన్ని తెలుగులో పాటగా కట్టి, అమ్మమ్మలకూ తాతయ్యలకూ వాళ్లచేతే నేర్పిద్దాం. మా అమ్మ వీసా మీద వచ్చి మూడు నెలలు ఉంటుంది. ఫోన్‌లో భూకంపం హెచ్చరిక మోగితే అదేంటో ఆవిడకు తెలియదు. కానీ 1977 దివిసీమ ఉప్పెన చూసిన మనిషి. నీళ్లు ఎలా వచ్చాయో ఆవిడ చెబితే మన పిల్లలు వింటారు.

సమన్వయం:
వదినా, అత్తయ్యగారిని తప్పకుండా మాట్లాడించండి. సినిమా అయ్యాక మొదటి మాట ఆవిడదే.

దానికి ముడిపడిందే ఇంకొకటి. మన ఎదొగావా వార్డులో చాలా భాగం సముద్రమట్టం కన్నా దిగువన ఉంది. 2019లో వార్డు వాళ్లు ఇచ్చిన వరద మ్యాప్‌లో 'ఇక్కడ ఉండకూడదు' అని సూటిగా రాశారు. పెద్ద వరద వస్తుందంటే ముందే వార్డు దాటి వెళ్లిపొమ్మని. సినిమాలో దేశానికి వచ్చిన ప్రశ్నే మన వీధికి వచ్చింది. ఎక్కడికి వెళ్తాం? ఎగువ ప్రాంతాల్లో, సైతామాలో ఉన్న మనవాళ్లు ఎన్ని కుటుంబాలకు చోటివ్వగలరో అడిగి జాబితా రాసే మనిషి కావాలి.

హాలు, ప్రొజెక్టర్:
ఆ పని నాకివ్వండన్నా. మా తమ్ముడు కవగోయెలో ఉంటాడు, మొదటి పేరు వాడిదే రాస్తాను. తెలుగు సబ్‌టైటిల్స్ సంగతి?

సమన్వయం:
లేవు. కథను విరామానికి ముందు ఒక పేజీ, తర్వాత ఒక పేజీగా నేను రాస్తాను. జపనీస్ బాగా వచ్చినవాళ్లు ఒకరు సరిచూడాలి. గురువారం రాత్రికి పంపుతాను, ఎవరు చూస్తారో ఇక్కడే చెప్పండి.