చెలియలికట్టనా, చెల్లెలికట్టనా? బాపమ్మ మాట ఒకటి సగమే యాదికున్నది

హన్మకొండ పిల్ల: అందరికీ నమస్తే. రెండు రోజుల నుంచి ఒక మాట బుర్రల తిరుగుతున్నది. మేం ఎదురు మాట్లాడితే మా బాపమ్మ అనేది, "సముద్రానికైనా చెల్లెలికట్ట ఉంటది, నీ నోటికే లేదు" అని. అది చెల్లెలికట్టనో చెలియలికట్టనో ఖాయంగ యాదికొస్తలేదు. ఇప్పుడెందుకంటే మా బడి గోడపత్రికకు ఫ్లోటింగ్ బ్రేక్‌వాటర్ల మీద ఒక పేజీ రాస్తున్న, అదే, నీళ్ల మీద తేలుకుంట అలల్ని ఆపేటివి. "తేలే చెలియలికట్ట" అని హెడ్డింగ్ పెడదామనుకున్న. పెట్టొచ్చా? రేపు పొద్దటికి కావాలె.

పాత పంతులు: చెలియలికట్టనే. చెలియలు అంటే పాత తెలుగుల చెల్లెలే కాబట్టి మీ బాపమ్మ అన్నదీ తప్పు కాదు. విశ్వనాథ వారి నవల పేరు ఉండనే ఉంది. సముద్రం దాటని ఆ ఒడ్డును సంస్కృతంల "వేల" అంటరు. అమరకోశంల ఆ మాటకు సముద్రపు పోటు, కాలం, మర్యాద అని అర్థాలు. మర్యాద అంటే చాయ్ బిస్కెట్ మర్యాద కాదు, హద్దు. మీ బాపమ్మ నోటికి కట్ట లేదన్నప్పుడు మర్యాదకు రెండర్థాలూ ఒకేసారి పడ్డయి చూడండి.

మత్తడి దుంకింది: పంతులు గారూ, సముద్రానికి చెల్లె ఎక్కడి నుంచి వచ్చింది? నేను ఎప్పటి నుంచో చెప్తున్న, ఇది "చెల్లు" నుంచి వచ్చిన మాట. కాలం చెల్లింది, నోటు చెల్లది అంటం కదా. అలలు ఎంత ఎగిరొచ్చినా అక్కడికొచ్చి చెల్లిపోతయి, అందుకే ఆ పేరు.

పాత పంతులు: ఎప్పటి నుంచో చెప్తున్నరు, ఎప్పుడూ రుజువు చూపలే. చెల్లు నుంచి వస్తే నడుమల "య" ఎట్ల దూరింది, ద్విత్వం ఎటు పోయింది?

మత్తడి దుంకింది: చెలియలు చెల్లెలు అయినప్పుడు "య" పోయింది, ద్విత్వం వచ్చింది. దానికి లేని పంచాయితీ దీనికెందుకు సార్?

నర్సంపేట అక్క: మా అమ్మమ్మ దీనికో కథ చెప్పేది. సముద్రం అన్న, భూమి చెల్లె. అన్నకు కోపమొచ్చి మీదికొస్తే చెల్లె పిడికెడు ఇసుక పోసి "నా గడప దాటితే ఒట్టే అన్నా" అన్నదట. అందుకే ఉరికొస్తడు, గడప కాడ ఆగుతడు, ఎనకకు పోతడు. వ్యాకరణం నాకు తెల్వది గని "య" తీసేసినా కథ నిలబడ్తది 🙂

సూరత్కల్ నాయిన: అక్షరం సంగతి మీరు తేల్చుకోండి గని చెల్లెమ్మా, అర్థం కాడనే తిరకాసు ఉంది. మావోడు సూరత్కల్ ఎన్‌ఐటీల ఎంటెక్ చేసిండు, అక్కడ పైపులు జాలీ లెక్క అల్లి నీళ్ల మీద తేలేసి, గొలుసులతోని కట్టి, అలల తొట్టిల పరీక్షలు చేసిన్రు, ఇంటికొస్తే వాడికి ఇదే ముచ్చట. చెలియలికట్ట అంటే నీళ్లే దాటని హద్దు. తేలేది నీళ్లను ఆపనే ఆపదు, కింద నుంచి పోనే పోతయి. అల బలమంతా పైపైన ఉంటది, లోతుకు పోయినకొద్దీ సచ్చిపోతది, ఆ పైపొరను ఆపుతే చాలని దీని లెక్క. అందుకే చిన్న అలలకే పనికొస్తది. 3 సెకండ్లకొకటి వచ్చే అలైతే పొడుగు 14 మీటర్లు, దానికి తగ్గ వెడల్పుతోని దిమ్మె కట్టొచ్చు. 10 సెకండ్ల అలైతే 156 మీటర్లు, అప్పుడు ఈ దిమ్మె కూడా అల మీద బెండు లెక్క ఎగురుతది తప్ప ఆపదు. ఇగ తుఫానుకు సముద్రమే ఉబ్బి ఊరి మీదికొస్తే? నీళ్లెంత లేస్తే ఇదీ అంత లేస్తది. పడవల రేవుకు మంచిది గని వరదకు అడ్డం కాదు. పేరు చూసి పిల్లలు వరదను కూడా ఆపుతదనుకుంటరు.

హన్మకొండ పిల్ల: అయ్యో, నేను పేజీల "వరదల నుంచి కాపాడును" అని రాసేసిన. ఇప్పుడే కొట్టేస్తున్న.

సూరత్కల్ నాయిన: కొట్టేసి మొనాకో రేవుల తేలే బ్రేక్‌వాటర్ సంగతి రాయి. 2002ల స్పెయిన్ల కట్టి సముద్రం మీద లాక్కొచ్చి పెట్టిన్రు, పొడుగు 352 మీటర్లు, ఒక కొస ఒడ్డుకు ఇనుప గుండు కీలుతోని, ఇంకో కొస గొలుసులతోని. దాని ఎదురుంగ 1944ల ఫ్రాన్స్ నార్మండీ ఒడ్డు సంగతి కూడా రాయి, యుద్ధంల ఓడలకు నిమ్మళంగ ఉండాలని తేలే ఇనుప దిమ్మెలు వరుసగ కడితే జూన్ 19న మొదలైన గాలివానకు గొలుసులు తెంపుకొని కొట్టుకపోయినయి.

కాజీపేట జంక్షన్: ఇదంతా చూడనీకి సముద్రం దాక పోవుడెందుకు. గాలి గట్టిగున్నప్పుడు వడ్డేపల్లి చెరువు కట్ట మీద నిలబడి చూడండి. గుర్రపుడెక్క లేని కాడ అలలు టపటప రాళ్లకు కొట్టుకొని మన చెప్పుల మీద పడ్తయి. గుర్రపుడెక్క చాపలెక్క పరుచుకున్న కాడ నీళ్లు ఊయల ఊగినట్టు ఊగుతయి గని అల లేవదు, కట్ట రాళ్లు పైన పొడిగనే ఉంటయి. గదే తేలే బ్రేక్‌వాటర్. చెరువును మింగుతదని తిట్టేదాన్ని పొగిడితే ఎవరన్న కొడ్తరేమో.

మత్తడి దుంకింది: మన చెరువులకు లోపలి దిక్కు రాయి పరిచేది కూడా అలదెబ్బకే కదా. పైసలుంటే రామప్ప గుడి గోపురం ఇటుకలు చేపించి తేలేద్దాం, అవి నీళ్లల్ల తేల్తయి!

పాత పంతులు: గుడి ఇటుకల జోలికి పోకండి, యునెస్కో వాళ్లొస్తరు. పేరు సంగతి చూద్దాం. "అలకట్ట" ఎట్లుంది?

నర్సంపేట అక్క: తేలేదానికి కట్ట ఏంది సార్, కట్ట అంటే భూమిల పాతుకున్నది. "తేలుకట్ట" అందామా అంటే తేలు కుట్టినట్టున్నది 😂 "అలతెప్ప" అనండి.

కాజీపేట జంక్షన్: అలతెప్ప మస్తుంది! కాకపోతే "అల తెప్ప" అని విడదీసి రాస్తే "అదిగో ఆ తెప్ప" అని అర్థమొస్తది. "అల వైకుంఠపురంబులో" అన్న పోతన పద్యంల అల అంటే "ఆ" అనే కదా. మా తమ్ముని కొడుకు వైకుంఠంల కూడా అలలుంటయనుకుంటున్నడు.

పాత పంతులు: అనుకుంటే తప్పేముంది? విష్ణువు పడుకునేదే పాలసముద్రం మీద. నేను ముప్పై ఏండ్లు ఆ పద్యం చెప్పిన, "అల" అనంగనే కెరటం చప్పుడు చెవిల పడక మానదు. పోతనకు ఆ ధ్వని తెల్వకుండ పడ్డదంటే నేనొప్పుకోను.

మత్తడి దుంకింది: అప్పుడు వ్యాకరణం, ఇప్పుడు ధ్వని. మాకైతే రుజువు కావాలె, మీకు చెవి చాలు 😀

పాత పంతులు: బమ్మెర గాలి పీల్చిన చెవి నాయనా.

కడప దిక్కు కోడలు: పోతన ఊరు బమ్మెర అంటున్నరు, ఒంటిమిట్ట అని మా అత్తగారింట్ల చెప్తే...

నర్సంపేట అక్క: అమ్మా, ఆ ముచ్చట మాత్రం ఈ గ్రూపుల తియ్యకు, పోయినసారి మూడు రోజులు నడిచింది, నలుగురు గ్రూపు ఇడిచిపెట్టి పోయిన్రు.

కాజీపేట జంక్షన్: పోతన అంటే యాదికొచ్చింది, 2023 జులై వానలకు భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డది పోతన నగర్ దిక్కే. మా దోస్తు రాత్రంత బియ్యం బస్తాలు మంచం మీదికి ఎక్కిచ్చుకుంట కూసున్నడు. అక్కడ అల లేదు, తెప్ప లేదు, ఉత్త నీళ్లే, చప్పుడు లేకుండ గడప కాడికొచ్చినయి.

సూరత్కల్ నాయిన: నేను చెప్పేది గదే. అల వేరు, వరద వేరు.

హన్మకొండ పిల్ల: అలతెప్ప ఖాయం చేసిన, కలిపే రాస్త. బాపమ్మ మాట కోసం ఇందాక మా మేనత్తకు ఫోన్ చేసిన. "సముద్రానికైనా అని మొదలుపెట్టేది, అది నిజమే బిడ్డా. అటెన్క చెల్లెలి అన్నదో చెలియలి అన్నదో ఎవలు విన్నరు, అప్పటికే చీపురు చేతిల ఉండేది, మేం ఉరికెటోళ్లం" అన్నది.

పాత పంతులు: ఉరికెటోళ్లమా, ఉరికేటోళ్లమా? మీ మేనత్తది ఏ ఊరు?