క్రిస్మస్ సెలవులకు గోవానా, సూర్యలంకా?

కూకట్‌పల్లి ఇల్లాలు:
డిసెంబరు ఆఖరి వారంలో ఐదు రోజులు సెలవు దొరికింది. మా ఆయన గోవా అంటారు, నేను బాపట్ల దగ్గరి సూర్యలంక అంటాను. వారం నుంచి తెగట్లేదు. మాతో అత్తయ్య (68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు), తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప వస్తారు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఏది నయం?

ఉప్పల్ అన్న:
నేనైతె గోవానే అంట. పోయినేడు మా అమ్మను తోల్కపోయినం. కలంగుట్ దిక్కు లొల్లి ఎక్కువ, దక్షిణాన పాలోలెం చూడుండ్రి. నెలవంక లెక్క వంపు తిరిగిన ఒడ్డు, అలలు నిమ్మళంగ ఉంటయి. విమానం టికెట్ మాత్రం మోపాకు కాదు, దబోలింకు తీస్కోండ్రి. మోపా ఉత్తరం కొసన ఉంటది, ఆడికెల్లి పాలోలెం పోవాల్నంటె రెండు గంటలు దాటుతది. పెద్దామెకు యాతన.

చీరాల మనిషి, దిల్‌సుఖ్‌నగర్:
ఆ వారంలో గోవా గదుల రేట్లు చూశారా అండీ? బాపట్ల 300 కిలోమీటర్ల పైచిలుకే. తెల్లారుజామున కారెక్కి మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా వెళ్తే మధ్యాహ్నం భోజనానికి వంజరం పులుసు. మాది తూర్పు తీరం, సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. గోవాలో అస్తమయమే.

నిజాంపేట నాన్న:
చెల్లెమ్మా, ఖర్చు సంగతి తర్వాత. పిల్లలు నీళ్లలోకి దిగుతారా లేదా, అది చెప్పు.

రెండేళ్ల కిందట సూర్యలంకలో మా అక్క కొడుకు, పదిహేనేళ్లవాడు, మోకాలి లోతులో నిలబడ్డాడు. అటూ ఇటూ అలలు నురగలు కక్కుతున్నాయి, వాడున్న చోట మాత్రం నీళ్లు నున్నగా, కాస్త ముదురు రంగులో ఉన్నాయి. పిల్లలకి అదే మంచి చోటు అనుకున్నాం. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే పాయ అది. అక్కడ అల విరగదు, అందుకే అంత నెమ్మదిగా కనిపిస్తుంది. కాళ్ల కింద ఇసుక జారింది, రెండు నిమిషాల్లో వాడి తల ఒక్కటే కనపడింది. వాడు ఒడ్డుకేసి ఎదురీదుతున్నాడు, అలసిపోతున్నాడు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి, "ఎదురీదొద్దు బాబూ, పక్కకి ఈదు, పక్కకి" అని కేక పెట్టాడు. వాడు ఒడ్డు వెంబడే పక్కకి ఈది, విరిగే అలల్లోకి వచ్చి, వాటితోపాటే బయటపడ్డాడు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

చీరాల మనిషి, దిల్‌సుఖ్‌నగర్:
బాబు దక్కాడు, అదే పదివేలు. కానీ దానికి మా ఊరి తీరాన్ని అనడం న్యాయం కాదండీ. గోవాలో మునగట్లేదా?

నిజాంపేట నాన్న:
మునుగుతున్నారు. వానాకాలంలో అయితే అక్కడ అసలు దిగకూడదు. తీరం చెడ్డదని నేననలేదు, కాపలా ఉన్న చోట దిగమంటున్నాను. గోవా ముఖ్య తీరాల్లో 2008 నుంచి లైఫ్‌గార్డులున్నారు, ఎర్రజెండా కనిపిస్తే నీళ్లలోకి వెళ్లకూడదు. తూర్పునే కావాలంటే విశాఖలో ఋషికొండ ఉంది. 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. నీళ్ల శుభ్రతతో పాటు స్నానానికి వచ్చేవాళ్ల భద్రత కూడా చూసి ఇచ్చే గుర్తింపది. అక్కడైనా హద్దు దాటనివ్వకు, పాప చెయ్యి వదలకు.

ఉప్పల్ అన్న:
గీ మాట మంచిగ చెప్పిన్రు. వైజాగ్ అయితె గోదావరి ఎక్స్‌ప్రెస్‌ల పొండ్రి. సాయంత్రం ఎక్కితె పొద్దుగాల దిగుడే. రిజర్వేషన్ 60 రోజుల ముందుగాల తెరుస్తరు, ఆ పొద్దే తీస్కోండ్రి.

కూకట్‌పల్లి ఇల్లాలు:
నిజాంపేట అన్నయ్యగారు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అత్తయ్య కళ్లు తుడుచుకున్నారు. ఋషికొండకే వెళ్తున్నాం, ఐదు టికెట్లు దొరికాయి, అత్తయ్యకి కింది బెర్తు వచ్చింది. చీరాల అన్నయ్యగారూ, సూర్యోదయం మీరన్నట్టే చూస్తాం. మా ఆయన ఇంకా ముభావంగానే ఉన్నారు. ఫిబ్రవరిలో పాలోలెం అని మాటిచ్చాను. అప్పుడు రేట్లు తగ్గుతాయా ఉప్పల్ అన్నా?