కొంగల్ని చూపించడానికి పీజీ అవసరమా?

జువాలజీ_గుంటూరు:
బీఎస్సీ జువాలజీ ఫైనలియర్ నాది. పర్యావరణ విద్య, నేచర్ ఇంటర్‌ప్రిటేషన్ అని యూనివర్సిటీ కోర్సు ఉందంట, అడవికో చెరువుకో వచ్చినోళ్లకి అక్కడ జరిగేది అర్థమయ్యేలా చెప్పడం, బోర్డులు రాయడం, పిల్లల్ని తిప్పడం ఇవన్నీ నేర్పుతారు. నాకు పిచ్చి ఇష్టం. నాన్నేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయవే, కొంగల్ని చూపించడానికి మళ్లీ చదువేంటి అంటున్నారు.

కృష్ణలంక_కుర్రోడు:
నాన్నగారే రైట్. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పబట్టే కదా డిగ్రీల్లో పర్యావరణం పేపర్ వచ్చింది, అందరం రాశాం, పరీక్ష ముందు రాత్రి గైడు కొని బట్టీ కొట్టి. ఏం మిగిలింది? దానిమీద పీజీ ఒకటా.

బెజవాడ_టీచరమ్మ:
బాబూ, ఆ పేపర్ అలా తయారైంది చెప్పడం రానోళ్లు చెప్పడం వల్లే. మా స్కూల్ పిల్లల్ని గుంటూరు పక్కన ఉప్పలపాడు పక్షుల చెరువుకి తీసుకెళ్లా, బస్సులో పక్క సెక్షన్ సారు మైకు పట్టుకుని ఇవన్నీ సైబీరియా నుంచి ఎగిరొచ్చాయి అని మొదలెట్టాడు. అక్కడ చెట్ల మీద గూళ్లు పెట్టే ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు మన దేశపు పక్షులేనయ్యా, గుడ్లు పెట్టడానికి చెరువు మధ్య చెట్లుంటే చాలు, తిండి కోసం చుట్టుపక్కల చెరువులకీ కాలవలకీ పోయొస్తాయి. అంటే ఈ చెరువొక్కదాన్ని కాపాడితే సరిపోదు, పొలాల్లో ఏ మందు కొడుతున్నామో కూడా లెక్కే. ఈ ముక్క పిల్లాడి బుర్రకెక్కాలంటే ఎక్కడ నిలబెట్టాలి, ముందు ఏం అడగాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, అదీ చదువంటే. బుడమేరు సంగతే చూడండి, 2024 సెప్టెంబర్లో వరదకి మన బెజవాడ సింగ్ నగర్ మునిగేదాకా ఆ వాగు పోయి కొల్లేట్లో కలుస్తుందని మా వీధిలో ఎంతమందికి తెలుసు? కాలవ గట్టు మీద ఒక్క మంచి బోర్డు లేదు.

కృష్ణలంక_కుర్రోడు:
బోర్డు ఉంటే నీళ్లు ఆగేవా మేడం 😄

బెజవాడ_టీచరమ్మ:
ఆగవు. కానీ వాగులో ప్లాట్ కొనేముందు ఒకడైనా ఆలోచించేవాడు.

పాత_వాచర్_కొల్లేరు:
నాదో మాట. ఈ సంగతులు బాగా చెప్పేది ఊళ్లో ముసలాళ్లు, చేపలు పట్టేవాళ్లు. ఆటపాక పక్షుల కేంద్రంలో నేను చూసింది ఇదే, పీజీలు చేసినోళ్లు లాటిన్ పేర్లు చెప్తారు, వినేవాడు సెల్ఫీ తీసుకుంటాడు. కొల్లేరు 2002లో రామ్‌సర్ లిస్టులోకెక్కింది, అదే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అంటారు సరే, సర్కారోళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు బతుకు పోయినోడి ఎదురుగా నిలబడి పక్షుల గురించి చెప్పమనండి చూద్దాం. అది ఏ క్లాసులో నేర్పుతారు?

బెజవాడ_టీచరమ్మ:
మంచి కోర్సైతే అదే నేర్పాలి అన్నా. నేర్పకపోతే మీరన్నదే నిజం, ఒప్పుకుంటా.

కృష్ణలంక_కుర్రోడు:
అన్నీ ఓకే, జీతం? ఈ డిగ్రీయే కావాలి అన్న గవర్నమెంట్ నోటిఫికేషన్ నేనైతే ఒక్కటీ చూళ్లేదు. చెల్లీ, బీఈడీ సీటు మాత్రం వదలకు.

జువాలజీ_గుంటూరు:
బీఈడీకి అప్లై చేస్తా, ఈ ఏడాది ఆదివారాలు ఉప్పలపాడులో ఆ వాచర్ బాబాయిలాంటోళ్ల దగ్గర కూర్చుంటా, పీజీ సంగతి తర్వాత. రాత్రి నాన్నకి సైబీరియా సంగతి చెప్తే "మరి ఇన్నేళ్లూ పేపర్లో అలా రాశారేంటే" అని అరగంట వాదించారు, పొద్దున్నే బైనాక్యులర్స్ ఎంతుంటాయే అని అడిగారు.