ఫ్రిజ్‌లో గంజాయి నెయ్యి, వచ్చే నెల అత్తయ్యగారు

బ్రాంప్టన్ కోడలు:
మేం ఉండేది కెనడా, ఒంటారియోలో. ఇక్కడ ఇది చట్టబద్ధమే కాబట్టి మొహమాటం లేకుండా అడుగుతున్నాను. మా ఆయనకి నిద్ర పట్టదు, పొగ పడదు. లైసెన్సు షాపులో 7 గ్రాముల ఎండు గంజాయి పువ్వు (మత్తెక్కించే టీహెచ్‌సీ 20 శాతం) కొని, 200 గ్రాముల నేతిలో కాచి వడకట్టాం. కాస్త పచ్చగా ఉందే తప్ప చూడ్డానికి మామూలు నెయ్యే. వచ్చే నెల గుంటూరు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. ఆవిడ వచ్చీ రాగానే ఫ్రిజ్ అంతా సర్దేస్తారు. "ఇంత నెయ్యికి ఇంకో సీసా ఎందుకమ్మా" అని పెద్ద సీసాలోకి వంచేసే రకం. నాలుగేళ్ల మా పాపకి పప్పన్నం కలిపి పెట్టేదీ ఆవిడే. ఎక్కడ దాచాలి? మా ఆయనేమో ఆవకాయ జాడీ వెనకాల అంటున్నాడు. అత్తయ్యగారు ముందు చెయ్యి పెట్టేదే అక్కడ!

మిస్సిసాగా ఫార్మసిస్ట్:
ముందు లెక్క చూడండి. 7 గ్రాముల్లో 20 శాతం అంటే 1,400 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. కాచడంలో కొంత పోయినా, చెంచా నేతిలో 30 దాకా ఉండొచ్చు. ఇక్కడ షాపులో అమ్మే తినుబండారం ప్యాకెట్ మొత్తానికి పరిమితి 10. పప్పన్నంలో ఒక్క చెంచా పడినా పాపని ఆస్పత్రికి పరిగెత్తించాల్సిందే.

అందుకని సీసాలో వద్దు. గ్రాముల త్రాసు మీద తూచి చిన్న ముక్కలుగా గడ్డకట్టించండి. గాలి చొరని డబ్బాలో వేసి, "గంజాయి" అని తెలుగులోనే పెద్దక్షరాలతో, తేదీతో సహా రాయండి. ఇంగ్లీషు లేబుల్ అత్తయ్యగారు చదవకపోవచ్చు. ఆ డబ్బాని తాళం పెట్టెలో పెట్టి ఫ్రీజర్‌లోకి తోసేయండి. వెలుతురు, వేడి, గాలి తగిలితే సత్తువ తగ్గుతుంది కాబట్టి నేతికీ అదే మంచిది. లడ్డూలు, మైసూర్‌పాక్‌ల జోలికి మాత్రం పోకండి. పాప కంటికి అది స్వీటే.

మీ ఆయనకో మాట. తిన్నది ఎక్కడానికి రెండు గంటలు కూడా పట్టొచ్చు. "ఏం కాలేదే" అని రెండో ముక్క తినకూడదు.

బ్రాంప్టన్ కోడలు:
థాంక్సండీ. మరి పెద్దవాళ్లకి చెప్పాలా? మామయ్యగారు రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటారు.

మిస్సిసాగా ఫార్మసిస్ట్:
చెప్పే తీరాలి. అది వార్ఫరిన్ అయితే గంజాయితో దాని ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. పైగా గుండె దడ, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ఆ వయసులో పడితే తుంటి విరుగుతుంది. పాప పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురుచూడకండి, 1-844-764-7669కి ఫోన్ చేయండి, అది విషప్రభావాల కేంద్రం. మత్తుగా పడిపోయినా, ఊపిరి సరిగ్గా ఆడకపోయినా నేరుగా 911.

కాల్గరీ బాబాయ్:
తిరుగు ప్రయాణంలో వాళ్ల సూట్‌కేసులు మీరే సర్దండమ్మా. కెనడా సరిహద్దు దాటించడమే నేరం, మన దగ్గరేమో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్). శంషాబాద్‌లో దిగాక "కోడలు కాచిన నెయ్యి" అంటే ఎవరూ వినరు.

బ్రాంప్టన్ కోడలు:
తాళం పెట్టె ఆర్డర్ పెట్టేశాను బాబాయ్ గారూ. అత్తయ్యగారికి చెప్పే పని మాత్రం మా ఆయనకే వదిలేశాను. నిద్ర పట్టనిది ఆయనకేగా!