‘ఫార్-ఫెచ్డ్’ అంటే అసాధ్యమనా, నమ్మలేమనా?

ప్రశ్న (కర్నూలు):
అన్నా, బ్యాంకు పరీక్షకు ప్రిపేర్ అవుతున్నా. ఒక ప్యాసేజ్‌లో ‘హిజ్ ఎక్స్‌ప్లనేషన్ సౌండ్స్ ఫార్-ఫెచ్డ్’ అని వచ్చింది. దూరం నుంచి తెచ్చిన వివరణ అంటే ఏంది? ఆప్షన్లలో ‘ఇంపాజిబుల్’, ‘ఇంప్రాబబుల్’ రెండూ ఉన్నాయి. ఏది పెట్టాలి?

జవాబు:
‘ఇంప్రాబబుల్’ పెట్టు తమ్ముడూ. జరగనే జరగదని కాదు, జరిగిందంటే నమ్మబుద్ధి కాదని అర్థం. నువ్వు విడదీసిన తీరు సరైందే. మొదట్లో నిజంగానే దూరాల నుంచి తెచ్చినవాటికి ఈ మాట వాడేవాళ్లు. తర్వాత పోలికలకు, వాదనలకు అంటుకుంది. కారణం కళ్లెదుట ఉంటే దాన్ని వదిలేసి ఎక్కడిదో పట్టుకొచ్చి అతికించడం అన్నమాట. మనవాళ్లు బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అనేది దీన్నే.

మన జిల్లాలోనే చూడు. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని మట్టిలో మెరిసే రాయి కోసం వెతుకుతుంటారు. ‘చేలో వజ్రం దొరికింది’ అని ఇంకో ఊళ్లో చెబితే ఫార్-ఫెచ్డ్ అంటారు. జొన్నగిరిలో ఎవరూ అనరు. సంగతి నిజమా కాదా అని ఈ మాట తేల్చదు, వినేవాళ్లకు నమ్మకం కుదరలేదని మాత్రమే చెబుతుంది. అందుకే ‘ఇంపాజిబుల్’ అని బట్టీ పట్టొద్దు, పరీక్షలో దెబ్బతింటావు.

ఇంకో జవాబు (కడప):
పై అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. కర్నూలు, కడపల మధ్య పడవలు తిరగాలని కాలువ తవ్వారంటే మా ఇంట్లో పిల్లలే నమ్మరు. సుంకేసుల దగ్గర మొదలయ్యే కె.సి. కెనాల్‌ను 1860లలో సాగుకే కాదు, పడవల రాకపోకలకు కూడా తవ్వారు. ఇలాంటివి చెప్పేటప్పుడే ‘ఇట్ మే సౌండ్ ఫార్-ఫెచ్డ్, బట్ ఇట్స్ ట్రూ’ అంటారు. ఈ వాడుక బాగా గుర్తుపెట్టుకో, ప్యాసేజుల్లో ‘బట్’ తర్వాత వచ్చేదే అసలు సంగతి.

మళ్లీ ప్రశ్న:
థ్యాంక్స్ అన్నా, అక్కా. మనుషులకు వాడొచ్చా? ‘హి ఈజ్ ఫార్-ఫెచ్డ్’ అని?

జవాబు:
వద్దు. ఐడియా, థియరీ, ఎక్స్‌క్యూజ్, స్టోరీ, ఇలాంటివాటికే. కష్టమైన పనికీ వాడకు, దానికి ‘డిఫికల్ట్’ ఉంది కదా. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్ల మాట ఒప్పుకోలేకపోతే ‘ఎ బిట్ ఫార్-ఫెచ్డ్’ అను, నొప్పించకుండా చెప్పినట్టుంటుంది. రాసేటప్పుడు మధ్యలో హైఫన్ పెట్టు.